చేతికి తగిలిందా?

20 ఆగస్టు 2023, ఆదివారం, సిడ్నీ

రాత్రి పన్నెండున్నర దాటింది. బాల్కనీలో పాత పేపర్ మీద పెట్టిన బూట్లకి పొద్దుటి బురద ఇంకా అలాగే ఉంది. రేపు ఆఫీసుంది. నిద్ర మాత్రం రావడం లేదు.

పొద్దున తొమ్మిదింటికి అండర్-13 ఆడపిల్లల మ్యాచ్‌కి నేను రిఫరీ. మా అమ్మాయి క్లబ్బులో రిఫరీలు దొరకడం లేదంటే మూడేళ్ల కిందట కోర్సు చేశాను. అంతకుముందు ఫుట్‌బాల్ మొహం ఎరగను. నరసరావుపేటలో మా బడిలో ఆడించింది ఖోఖో. విజిల్ అంటే మా పీఈటీ సారు మెడలో వేలాడేది, దాన్ని చూస్తేనే భయం.

పిల్లల మ్యాచ్‌కి అసిస్టెంట్ రిఫరీలు ఉండరు. అటొకరు ఇటొకరు పేరెంట్స్ జెండా పట్టుకుంటారు. బంతి గీత దాటిందా లేదా చెప్పడం వరకే వాళ్ల పని. ఆఫ్‌సైడ్, ఫౌల్, హ్యాండ్‌బాల్ (బంతి చేతికి తగలడం) అన్నీ నా నెత్తినే.

సెకండాఫ్‌లో కార్నర్ నుంచి వచ్చిన బంతి గోల్ ముందు ఒక పిల్లకి తగిలింది. మా ఇద్దరి మధ్యా ఇంకో ఇద్దరు అడ్డం. చెయ్యి లేవడం కనిపించింది, ధబ్బుమని చప్పుడు వినిపించింది. విజిల్ ఊదేశాను. పెనాల్టీ.

ఆ పిల్ల ఏడవలేదు, వాదించలేదు. నా దగ్గరికొచ్చి తన జెర్సీ చూపించింది. తెల్ల జెర్సీ, ఎడమ భుజానికి కాస్త కింద, ఛాతీ మీద గుండ్రంగా బురద ముద్ర. సగం బంతి అచ్చు పడినట్టు. రూల్ బుక్ ప్రకారం చంక కింది అంచుకి సరిగ్గా ఉండే గీత నుంచి కిందిది చెయ్యి, ఆ పైనది భుజం. ఛాతీ అయితే అసలు గొడవే లేదు. ఆట మళ్లీ మొదలుపెట్టేలోపు నిర్ణయం మార్చుకునే హక్కు కూడా నాకుంది.

మార్చలేదు. ఆ ముద్ర ముందే ఉందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే గీత అవతల నిలబడ్డ ఇరవై మంది అమ్మానాన్నల ముందు, నా ఇంగ్లిష్‌లో, "తప్పు నాది" అని అరిచి చెప్పడానికి నోరు రాలేదు. పెనాల్టీ కొట్టిన అమ్మాయి బంతిని బార్ మీద నుంచి చెట్లలోకి పంపింది. హమ్మయ్య అనుకున్నాను. రిఫరీ అలా అనుకోకూడదు.

సాయంత్రం మా అమ్మాయితో మహిళల ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్‌కి వెళ్లాను, స్పెయిన్, ఇంగ్లండ్. స్టేడియం ఆస్ట్రేలియాలో 75,784 మంది. అందరూ బంతిని చూస్తుంటే నేను రిఫరీ టోరీ పెన్సోని చూస్తూ కూర్చున్నాను. అమెరికా ఆవిడ, ముగ్గురు ఆడపిల్లల తల్లి. బుధవారం ఇక్కడే మన మటిల్డాస్, అంటే ఆస్ట్రేలియా ఆడవాళ్ల టీమ్, ఇంగ్లండ్ చేతిలో 3-1తో ఓడిన సెమీస్‌కీ ఆవిడే రిఫరీ. ఈ వరల్డ్ కప్‌కి పిలిచిన 33 మంది రిఫరీల్లో ఫైనల్ దక్కింది ఆవిడకి. టీవీలో కనిపించనిది ఒకటుంది: బంతి దూరంగా ఉన్నప్పుడు కూడా ఆవిడ తల ఆగదు, వెనక ఎవరు ఎవర్ని నెడుతున్నారో చూస్తూనే ఉంటుంది. నేనైతే ఆ టైములో ఊపిరి పీల్చుకుంటాను.

29వ నిమిషంలో స్పెయిన్ అమ్మాయి ఓల్గా కార్మోనా గోల్ కొట్టింది. సెకండాఫ్‌లో ఇంగ్లండ్ అమ్మాయి కీరా వాల్ష్ చేతికి బంతి తగిలిందన్న అనుమానం. పెన్సో ముందు పెనాల్టీ ఇవ్వలేదు. తర్వాత చెవి మీద చెయ్యి పెట్టుకుని, వీడియో చూసే రిఫరీలు చెప్పేది వింటూ నిలబడింది. గీత పక్కనున్న మానిటర్ దగ్గరికి వెళ్లింది. చూసింది, మళ్లీ చూసింది. వెనక ఈలలు, అరుపులు. ఆ వీపుని చూస్తుంటే నా కడుపులో తిప్పింది.

వెనక్కి వచ్చి మైక్‌లో చెప్పింది. హ్యాండ్‌బాల్, పెనాల్టీ. స్టేడియం మొత్తానికి ఆవిడ గొంతే. ఇలా రిఫరీయే నోటితో చెప్పడం వరల్డ్ కప్‌లో ఇప్పుడే మొదలు. జులై 20న ఆక్లండ్‌లో మొదటి మ్యాచ్‌లోనే జపాన్ రిఫరీ యొషిమి యమషిత చెప్పింది. ఆ రోజు న్యూజిలాండ్ పెనాల్టీ బార్‌కి తగిలి పోయింది. ఇవాళ స్పెయిన్ తరఫున హెర్మోసో కొట్టింది ఇంగ్లండ్ గోల్‌కీపర్ మేరీ ఇయర్ప్స్ పట్టేసింది. అంత సేపు ఆపి ఇచ్చిన పెనాల్టీ స్కోరులో ఎక్కడా లేదు. పెన్సో మొహంలో ఏమైనా మారుతుందా అని చూశాను. ఏమీ లేదు, పరిగెత్తుతోంది. పైన ఇంకో 13 నిమిషాలు కలిపింది. ఇంగ్లండ్ జెర్సీ వేసుకున్న మా ముందు సీటాయన ఆ బోర్డు చూసి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. అయినా 1-0 తోనే అయిపోయింది.

ట్రైన్‌లో మా అమ్మాయి నా భుజం మీద నిద్రపోయింది. పొద్దున తను కూడా గ్రౌండ్‌లోనే ఉంది, ఆ ముద్ర చూసే ఉంటుంది. అడగలేదు. నేనూ కదిలించలేదు.

ఇప్పుడు ఫోన్‌లో మ్యాచ్ రిపోర్ట్ నింపుతున్నాను. స్కోరు వేశాను, కార్డులు లేవు. అడుగున "ఇతర వివరాలు" అని ఒక గడి ఉంది. మూడేళ్లలో ఎప్పుడూ ఖాళీగానే పంపాను. ఇవాళ నాలుగు లైన్లు రాసి, రెండు కొట్టేసి, మిగిలినవి పంపాను.