101 క్వెరీల పేజీ

మా ఆఫీసులో ఆర్డర్ల పేజీ తెరుచుకోవడానికి రెండున్నర సెకన్లు పడుతోందని నెల రోజులుగా గొడవ. జాంగో (మా సైటు రాసిన పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) స్లో, గో లాంగ్వేజ్‌లో మళ్ళీ రాసేద్దాం అని మీటింగులో ఒకరు అన్నారు, ఇంకో ఇద్దరు తలూపారు. కొలవకుండా ఫ్రేమ్‌వర్క్‌ని తిట్టడం నాకు అస్సలు నచ్చదు. ఆ సాయంత్రమే, ఒక పేజీ కోసం డేటాబేస్‌ని ఎన్నిసార్లు అడుగుతోందో (అవే క్వెరీలు) చూపించే జాంగో డీబగ్ టూల్‌బార్ పెట్టి చూశాను.

పేజీలో ఉన్నవి 50 ఆర్డర్లు, ఆ లిస్టు కోసం వెళ్ళిన క్వెరీలు 101. ఆర్డర్లు తేవడానికి ఒకటి, ఆ తర్వాత టెంప్లేట్‌లో (పేజీ ఎలా కనపడాలో రాసే ఫైలు) వరుస వరుసకీ కస్టమర్ పేరు కోసం ఒకటి, వస్తువుల కోసం ఇంకొకటి. పప్పుకోసారి ఉప్పుకోసారి కొట్టుకి వెళ్ళొచ్చినట్టు! ఒక్కోటి వెళ్ళి రావడానికి 15, 20 మిల్లీసెకన్లే, అందుకే ఎక్కువసేపు పట్టిన క్వెరీలనే రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్‌లో ఇది ఎన్నడూ కనపడలేదు.

కస్టమర్‌కి సెలెక్ట్ రిలేటెడ్ (సంబంధం ఉన్న టేబుల్‌ని కూడా కలిపి తెమ్మని జాంగోకి చెప్పడం) పెడితే జాయిన్‌తో మొదటి క్వెరీలోనే వచ్చేశాడు. వస్తువులకి ప్రీఫెచ్ రిలేటెడ్ పెట్టాను, అది 50 ఆర్డర్ల వస్తువులనీ ఒకే క్వెరీలో తెస్తుంది. అంటే మొత్తం 2 రావాలి. చూస్తే 52. అరగంట తల పట్టుకున్నాక దొరికింది: రద్దయిన వస్తువులు చూపించకుండా ఉండటానికి మోడల్‌లో ఎప్పుడో ఒక ఫిల్టర్ రాశారు, ప్రీఫెచ్ చేసినదాని మీద ఫిల్టర్ పెడితే జాంగో ముందే తెచ్చుకున్నదాన్ని వాడదు, మళ్ళీ డేటాబేస్‌కే పరిగెడుతుంది. ఆ షరతుని ప్రీఫెచ్ ఆబ్జెక్ట్ లోపలికి మార్చాను (జాంగో 1.7 నుంచీ ఉంది, వాడేవాళ్ళు తక్కువ), అప్పుడు 2కి దిగింది. పేజీ అర సెకను లోపే వచ్చింది. నిజంగా కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఊపు మీదుండి సెట్టింగ్స్ కూడా తెరిచాను. ప్రాజెక్టు జాంగో 1.10 కాలం నాటిది, అప్పుడు టెంప్లేట్ ఫైళ్ళని వెతికి తెచ్చే లోడర్లని చేత్తో రాసి పెట్టారు. 1.11 నుంచి, డీబగ్ ఆఫ్‌లో ఉంటే, ఒకసారి పార్స్ చేసిన టెంప్లేట్‌ని దాచుకునే క్యాష్డ్ లోడర్ దానంతట అదే వస్తుంది, కానీ లోడర్లు మనం రాసిపెడితే రాదు, అంటే ఇన్నేళ్ళూ ప్రతి రిక్వెస్టుకీ టెంప్లేట్లని మొదటి నుంచి పార్స్ చేయిస్తున్నాం. ఆ లైన్లు తీసేశాను. కనెక్షన్‌ని ఎంతసేపు తెరిచి ఉంచాలో చెప్పే కాన్ మ్యాక్స్ ఏజ్ డిఫాల్ట్ 0, కాబట్టి రిక్వెస్టు అవగానే డేటాబేస్ కనెక్షన్ మూసేసి మళ్ళీ కొత్తది తెరుస్తోంది; 60 సెకన్లు పెట్టాను. వర్కర్లు (రిక్వెస్టులు అందుకునే ప్రాసెస్‌లు) ఎక్కువుంటే ఇక్కడ లెక్క చూసుకోండి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 100 మాత్రమే.

చివరగా ఆ లిస్టుకి క్వెరీలు లెక్కపెట్టే అసర్ట్ నమ్ క్వెరీస్‌తో ఒక టెస్టు రాశాను, సరిగ్గా 2 కాకపోతే ఫెయిల్. పది రోజులకి ఒకరు డెలివరీ అడ్రస్ కాలమ్ కలిపారు, టెస్టు ఎర్రబడింది, మళ్ళీ 52. ఆ మార్పు అసలు కోడ్‌లో మెర్జ్ అవ్వకముందే సెలెక్ట్ రిలేటెడ్‌లో అడ్రస్ కూడా చేర్చారు.