పెన్సిల్‌తో రాసిన చీటీలు

బ్రెజిల్ అమెజాన్ అడవుల నడుమ ఉన్న మానౌస్ నగరానికి వచ్చిన మొదటి నెలలో నేను పట్టిన పురుగులన్నీ ఒక బాల్ పెన్ వల్ల పోయాయి. సీసాల్లో ఆల్కహాల్ పోసి, ఒక్కో దాంట్లో ఒక చీటీ వేసేదాన్ని. దాని మీద చోటు, తేదీ, ఉచ్చు నంబరు. మూడు వారాల తర్వాత ల్యాబ్‌లో మూత తీస్తే ఆల్కహాల్ లేత నీలంగా ఉంది, చీటీ తెల్లగా ఉంది. పురుగులు మాత్రం చెక్కుచెదరలేదు. ఏ రోజు, ఎక్కడ దొరికిందో తెలియని పురుగు ఎంత అందంగా ఉన్నా మా పనికి రాదు. ఆ పూట అన్నం సయించలేదు.

మా మతేరో ఏమీ అనలేదు. మతేరో అంటే అడవిలో దారి చూపించే మనిషి. అరవై దాటాయి, ఏ చెట్టునైనా బెరడు వాసన చూసి చెప్పేస్తాడు. మర్నాడు పొద్దున చొక్కా జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "అడవిలో దీంతోనే రాయాలి దొతోరా" అన్నాడు, దొతోరా అంటే డాక్టరమ్మ. అంతే, ఇక ఆ మాట ఎత్తలేదు.

నా పని పేడపురుగుల మీద. పోర్చుగీసులో వీటిని రోలా-బోస్తా అంటారు, పేడను దొర్లించేది అని. నరసరావుపేట దగ్గర మా ఊళ్లో, గొడ్ల చావిడి వెనక ఇలాంటివే తలకిందులుగా నిలబడి వెనక్కాళ్లతో ఉండను నెట్టుకుంటూ పోతుంటే గంటలకొద్దీ చూసేదాన్ని. ఇక్కడికొచ్చాక తెలిసిందేమిటంటే, ఉండలు చేసి దొర్లించేవి కొన్నే. చాలా జాతులు పేడ కిందే బొరియ తవ్వి, దాన్ని లోపలికి లాక్కుపోతాయి. కోప్రోఫానియస్ లాన్సిఫెర్ అనేది బొటనవేలంత ఉంటుంది, తల మీద కొమ్ము, ఒళ్లంతా నీలి మెరుపు. కుళ్లిన మాంసం వాసనకి చీకటి పడేవేళ రొద చేసుకుంటూ వస్తుంది. మొదటిసారి అది చెవి పక్కనుంచి పోయినప్పుడు ఏదో పిట్ట అనుకున్నాను.

ఉచ్చు అంటే పెద్ద యంత్రమేమీ కాదు. ప్లాస్టిక్ గ్లాసును అంచు నేలకు సమంగా ఉండేలా పాతి, పైన ఎర వేలాడదీసి, వాన పడకుండా ఒక పళ్లెం కప్పుతాం. ఎర కోసం పంది పెంట, మనిషి మలం కలుపుతాం. మొదటి రోజు చేతులు వణికాయి. ఇప్పుడు మా ఇంట్లో పిండి కలిపినంత మామూలుగా కలుపుతాను. అమ్మకి మాత్రం ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

మేం వెళ్లే చోటు మానౌస్‌కి ఉత్తరాన 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1979లో అమెరికా జీవశాస్త్రవేత్త థామస్ లవ్‌జాయ్ అక్కడొక పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో అడవి కొట్టి పశువుల మేత భూములు చేస్తున్నారు. సగం అడవిని మాత్రం వదలాలని చట్టం. వదిలే అడవిలో కొంత ఒక హెక్టారు, పది, వంద హెక్టార్ల ముక్కలుగా ఉంచమని ఆయన భూస్వాముల్ని ఒప్పించారు. అడవి ముక్కలైతే అందులోని ప్రాణులకు ఏమవుతుందో బ్రెజిల్ వాళ్ల అమెజాన్ పరిశోధనా సంస్థ ఇన్పా, అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ కలిసి అక్కడ ఇప్పటికీ చూస్తున్నాయి.

పేడపురుగుల లెక్క 1989లో అచ్చయింది. చిన్న ముక్కల్లో జాతులు తగ్గాయి, మిగిలినవి చిన్న పురుగులు. వేసిన పేడ తొందరగా మాయం కాకుండా నేల మీదే ఉండిపోయింది. చుట్టూ ఎండలో మాడే మేత భూమిని దాటి రావడానికి అడవి పురుగులు ఇష్టపడవు. ఇది చదివి నేను పురుగుల కోసమే బాధపడలేదు. కోతి పండు తిని విత్తనాన్ని పేడతో పాటు వదులుతుంది. పురుగు ఆ పేడను పూడిస్తే విత్తనం కూడా మట్టిలోకి పోయి, ఎలుకల కంట పడకుండా దాక్కుంటుంది. పురుగు లేకపోతే రేపటి చెట్టుకి చోటే దొరకదు.

కానీ మేత భూముల్ని వదిలేశాక వాటిలో మళ్లీ తుప్పలు, చెట్లు మొలిచాయి. 2005లో అచ్చయిన పరిశోధన ప్రకారం పురుగులు చాలా వరకు తిరిగొచ్చాయి. పదిహేనేళ్ల కిందటి లెక్కలు ఉండబట్టే ఆ తేడా తెలిసింది. నేను బాల్ పెన్‌తో పోగొట్టుకున్నది సరిగ్గా అలాంటి లెక్కనే.

ల్యాబ్ పని వేరు. నల్లగా, గోరంత ఉండే కాంథాన్ పురుగులు పైకి చూస్తే ఒకేలా ఉంటాయి. గట్టిపడ్డ పురుగును గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మగదాని జననాంగాన్ని సన్నటి పట్టకారుతో బయటికి లాగి సూక్ష్మదర్శిని కింద పెడితే అప్పుడు తెలుస్తుంది ఏ జాతో. గట్టి పై రెక్కల్లో కుడిదాని మీద సూది గుచ్చాలి, ఎడమది ముట్టుకోకూడదు. పెట్టెలో కలరా ఉండలు పెట్టాలి. మానౌస్ తేమకి వారం ఏమరుపాటుగా ఉంటే బూజు పట్టేస్తుంది. కొత్త జాతి తేలితే, ఆ పేరుకి ఆధారమైన మొదటి నమూనా బ్రెజిల్ సంస్థలోనే ఉండాలి. ఇది నాకు చాలా న్యాయంగా అనిపిస్తుంది.

2018 సెప్టెంబర్ 2న రియోలో జాతీయ మ్యూజియం తగలబడినప్పుడు నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. దాదాపు 50 లక్షల కీటకాల నమూనాలు పోయాయని చదివి కుర్చీలోంచి లేవలేకపోయాను. ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వాలెస్ మానౌస్ పక్కనున్న ఈ రియో నెగ్రో నది పొడవునా తిరిగి పోగుచేసినవి కూడా, 1852లో ఇంటికి వెళ్తుండగా అట్లాంటిక్ నడిమధ్యలో ఓడతో పాటు కాలిపోయాయి. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు, మలయా దీవుల్లో.

నిన్న క్యాంపు 41 దగ్గర వాన వెలిశాక ఉచ్చులు తీశాం. పదకొండో గ్లాసులో ఒక ఆకుపచ్చ పురుగు, నాకు తెలిసిన ఏ జాతికీ సరిపోవడం లేదు. సీసాలో వేసి మోకాలి మీద చీటీ పెట్టుకుని తేదీ రాస్తుంటే మొన విరిగింది. మతేరో అడవి కొట్టే కత్తితోనే పెన్సిల్ చెక్కి ఇచ్చాడు. ఉచ్చు నంబరు రాశాను, అక్షరాలు మళ్లీ ఒకసారి దిద్దాను, మూత బిగించాను.