గురుడి పక్క నుంచి పోవాలంటే గురి ఎక్కడ పెట్టాలి?

కృష్ణ పారుతున్నప్పుడు పంచదేవ్ పహాడ్ రేవు నుంచి కురువపురం పోయే పుట్టిని సూటిగా అవతలి ఒడ్డుకే నడిపితే అది దిగువకు కొట్టుకపోతుంది. ఎగువకు గురిపెట్టాలి, మిగతా పని నీళ్లు చేస్తాయి. గురు గ్రహం దగ్గర ఫ్లైబై, అంటే అంతరిక్ష నౌక ఆగకుండా గ్రహం పక్క నుంచి దూసుకపోవడం, కూడా అట్లనే. గురుడికి 7.15 లక్షల కి.మీ. దగ్గర నుంచి పోవాలంటే, 15.24 లక్షల కి.మీ. పక్కకు గురిపెట్టాలి. మిగతాది గురుడే లాక్కుంటాడు.

ముందు తేదీలు కుదరాలి. గురుడి మీదుగా శనికి పోవాలనుకుందాం. భూమి నుంచి గురుడికి ఒక లాంబర్ట్ దారి (రెండు చోట్లను, రెండు తేదీలను కలిపే కక్ష్య), గురుడి నుంచి శనికి ఇంకోటి కట్టాలి. రెండింట్లోనూ గురుడి దగ్గర నౌకకున్న వేగం నుంచి గురుడి సొంత వేగాన్ని, అంటే సెకనుకు దాదాపు 13 కి.మీ., వెక్టర్‌గా తీసేయాలి. మిగిలేది వీ-ఇన్ఫినిటీ, అంటే గురుడి లాగుడు ఇంకా తగలని దూరంలో గురుడి లెక్కన నౌక వేగం. రాకలో, పోకలో అది సమానంగా ఉండాలి, దిశ ఒక్కటే మారాలి. తేడా వస్తే ఇంధనంతో పూడ్చాలి, లేదా తేదీలు జరపాలి. ఎక్కువ కాలం పట్టేది ఈ జరపడమే.

ఆ రెండు దిశల మధ్య కోణమే వంపు. సగం వంపు సైన్ = 1 ÷ (1 + దూరం × వేగం² ÷ మ్యూ). ఇందులో దూరమంటే గురుడికి అతి దగ్గరగా పోయే దూరం, వేగమంటే వీ-ఇన్ఫినిటీ, మ్యూ అంటే గ్రహం లాగుడు బలాన్ని చెప్పే సంఖ్య. గురుడి మ్యూ 12.67 కోట్లు (కి.మీ.³/సె.²). పై లెక్క వీ-ఇన్ఫినిటీ సెకనుకు 10 కి.మీ. అనుకుని వేసింది, వంపు 79.5 డిగ్రీలు. దూరం సగం చేస్తే 102.5. దూరాన్ని గ్రహ కేంద్రం నుంచే కొలవాలి. మేఘాల నుంచి కొలిస్తే 71 వేల కి.మీ. తప్పు అక్కడే దొర్లుతుంది. గ్రహం వెనక నుంచి దాటితే సూర్యుడి లెక్కన వేగం పెరుగుతుంది, ముందు నుంచి దాటితే తగ్గుతుంది.

దగ్గరికి పోతే మేలనుకోవద్దు. 1973లో గురుడి రేడియేషన్‌కు పయనీర్ 10 నౌకలో తప్పుడు కమాండ్లు పుట్టి, గురుడి ఉపగ్రహం అయో ఫోటో పోయింది. ప్లూటోకు పోయే న్యూ హొరైజన్స్ నౌక 2007లో గురుడికి 23 లక్షల కి.మీ. దూరం నుంచే పోయినా సెకనుకు దాదాపు 4 కి.మీ. వేగం సంపాదించింది. ప్లూటో దిక్కుకు ఆ వంపే చాలు.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది గురి తప్పడం. పై ఉదాహరణలో గురి 100 కి.మీ. జరిగితే, దాటాక వేగంలో సెకనుకు 65 సెం.మీ. తేడా వస్తుంది. సూర్యుడి లాగుడు పక్కనబెట్టినా రెండేళ్లకు 40 వేల కి.మీ. పక్కకు పోతుంది. అదే తప్పును 30 రోజుల ముందు దిద్దడానికి సెకనుకు 4 సెం.మీ. చాలు. కానీ అంత ముందుగా నౌక ఎక్కడుందో కచ్చితంగా తెలియాలి. అందుకే డాప్లర్ కొలతలకు (రేడియో సిగ్నల్ ఫ్రీక్వెన్సీ మార్పును బట్టి వేగం కొలవడానికి) తోడు, నక్షత్రాల ముందు గ్రహపు చందమామలను ఫోటో తీసి సరిచూస్తారు.

ఒక గ్రహం దగ్గర ఎంచుకున్న గురి తర్వాతి గ్రహాన్ని కట్టేస్తుంది. శని ఉపగ్రహం టైటాన్‌ను దగ్గరగా చూసే దారి పట్టిన వాయేజర్ 1 నౌకను 1980లో శని, గ్రహాలు తిరిగే తలం నుంచి పైకి విసిరేసింది, ఇంకో గ్రహానికి దారి లేకపోయింది. వాయేజర్ 2కు నెప్ట్యూన్ తర్వాత పోవాల్సిన గ్రహమే లేదు. అందుకే 1989 ఆగస్టు 25న ఉత్తర ధ్రువం మీదుగా, మేఘాలకు 5 వేల కి.మీ. లోపు నుంచి తీసుకపోయి నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటాన్ వైపు వంచగలిగారు.