ఒక్కడి టెంట్, కిలో గొడవ

టెంట్ అనగానే అందరూ ముందు వెయిటే అడుగుతరు, నేనైతే ముందు నేల చూస్కోమంట. మన హైదరాబాద్ చుట్టూ చాలా చోట్ల కింద గ్రానైటే కదా, రెండంగుళాలు దిగంగనే పెగ్ (టెంట్ తాళ్లు కట్టే మేకు) ఠంగుమని వంగిపోతది, అలాంటి చోట ట్రెకింగ్ పోల్స్ (నడిచేటప్పుడు పట్టుకునే కర్రలు) మీద లేపే టెంట్ నిలబడాలంటే మూలకో రాయి వెతుక్కోవాలె. వాటికి సొంత పోల్స్ ఉండవు కాబట్టి చాలావరకు కిలో లోపే తేలిపోతయ్, అది నిజమే. బండల మీద మాత్రం సొంత పోల్స్ తో పెగ్స్ లేకున్నా నిలబడే ఫ్రీస్టాండింగే బెటర్.

ఒకే పొర గుడ్డ ఉండే సింగిల్ వాల్ టెంట్ తో ఇంకో తలనొప్పి. డిసెంబర్ లో అనంతగిరి వైపు రాత్రి బాగా చల్లబడతది, మన ఊపిరిలో తేమంతా పైగుడ్డకి పట్టి తెల్లారేసరికి చుక్కలు చుక్కలు మొహం మీదే, స్లీపింగ్ బ్యాగ్ కాళ్ల దగ్గర తడి తడి. రెండు పొరల డబుల్ వాల్ అయితే మధ్యలో మెష్ ఉంటది, తడి బయటి పొరకే (ఫ్లై) ఉండిపోతది, కొంచెం బరువెక్కువైనా నా ఓటు దానికే.

సిల్‌నైలాన్ (సిలికాన్ పూసిన నైలాన్ గుడ్డ) వానకి తడిస్తే సాగి జోలెలా వేలాడతది, అర్ధరాత్రి లేచి తాళ్లు మళ్లీ బిగించాలె. పాలిస్టర్ అంత సాగదు.

బాక్స్ మీద వెయిట్ లో పెగ్స్, తాళ్లు, కవర్ కలిపారో లేదో అడగండి. పొడుగు 210 సెంటీమీటర్లు అని రాసున్నా గోడలు ఏటవాలు కదా, ఐదడుగుల పదంగుళాల మనిషికి కాళ్లు తగుల్తయ్. షాపులో టెంట్ వేసుంటే మ్యాట్ పరిచి పడుకుని చూడండి, సేల్స్ అబ్బాయి నవ్వితే నవ్వనీ.