బాబాయి కుడిచెయ్యి

ఇవాళ డిసెక్షన్ హాల్లో మా బ్యాచ్ చేతికి బ్రెయిన్ వచ్చింది. శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకి కళ్ళు మండి, పొద్దున తిన్న ఉప్మా గొంతులోకొచ్చింది, అయినా వదల్లేదు. మేడమ్ కోసి చూపిస్తే పైన ఆ బూడిదరంగు పొర, అదే కార్టెక్స్, 2 నుంచి 4 మిల్లీమీటర్లే, రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. అందులోనే 6 లేయర్లట, మామూలు కంటికేం కనపడతాయి. మూడింట రెండొంతులు మడతల్లోనే దాక్కునుంటుంది.

అసలు నేను వెతికింది మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ కోసం, మెదడు పక్కభాగానికి రక్తం తెచ్చే నాళం. సిల్వియన్ ఫిషర్, అంటే మెదడు పక్కనున్న లోతైన చీలిక, కాస్త పక్కకి లాగితే లోపల్నుంచి కొమ్మలు కొమ్మలుగా పైకొచ్చి పక్కభాగమంతా పాకింది. పోయినేడాది బాబాయికి పక్షవాతం వచ్చినప్పుడు డిశ్చార్జ్ కాగితం మీద రాసింది దీని పేరే, ఎడమవైపుది, ఎడమ మెదడే కుడి ఒళ్ళుని కదిలిస్తుంది. ఒంటిని కదిలించే మోటార్ కార్టెక్స్‌లో ఒంటి భాగాల మ్యాపు మనిషిని తలకిందులుగా పెట్టినట్టు ఉంటుంది కదా, మొహం కింద, చెయ్యి దాని పైన, ఈ రెండూ దీని రక్తం మీదే బతుకుతాయి, కాలు మాత్రం పైనుంచి లోపలి గోడలోకి దిగిపోతుంది, అక్కడ రక్తం ఆంటీరియర్ సెరిబ్రల్ అనే వేరే నాళంది. అందుకే బాబాయి వీధి చివరిదాకా నడిచొస్తాడు, ముద్ద మాత్రం కలుపుకోలేడు. మాటలు పలికించే బ్రోకా ఏరియాకి కూడా రక్తం దీని పై కొమ్మదే, అందుకే మనం అన్నదంతా అర్థమవుతుంది, తిరిగి చెప్పలేడు.

మెదడు అడుగున విల్లిస్ సర్కిల్ చూశాం, రక్తనాళాలు కలిసి కట్టిన రింగు. 1664లో, దీనికి పేరిచ్చిన డాక్టరు విల్లిస్ మెదడు మీద రాసిన పుస్తకానికి బొమ్మలు గీసింది క్రిస్టఫర్ రెన్ అట, లండన్ సెయింట్ పాల్స్ చర్చి కట్టినాయన, నా రికార్డులో బొమ్మలు చూస్తే పాపం ఏమనేవాడో. ఒక దారి మూసుకుపోతే ఇంకోదార్లో రక్తం తిప్పడానికే ఈ రింగు, కానీ బాబాయికి గడ్డ అడ్డుపడింది రింగు దాటాక, ఇంక అదేం చేస్తుంది.

సాయంత్రం పిన్నికి ఫోన్ చేశా. "కాలు బానే ఉంది కదే, చెయ్యి కదపడానికే బద్ధకం" అని మళ్ళీ అదే పాట. బద్ధకం కాదు పిన్నీ, కాలుకి వేరే నరం నుంచి రక్తం వెళ్తుంది అని పది నిమిషాలు చెప్పా, నరం కాదు రక్తనాళం అని నాలుక్కరుచుకున్నా, ఆవిడకి ఏది చెప్పినా ఒకటే. కాసేపాగి "అయితే రోజూ తిడుతున్నానే" అంది. తర్వాత ఫోన్ బాబాయికిచ్చింది. తిన్నావా బాబాయ్ అంటే "అవునవును". ఏం కూర అంటే కూడా "అవునవును", అని ఆయనే నవ్వేశాడు.