గరగల్ని శ్రీకాకుళం పంపించేసిన కథ

హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ రూములో మేమిద్దరం. నేను తెలంగాణ గ్రూప్-2, మా రూమ్మేట్ ఏపీ గ్రూప్-2. మాక్ టెస్టులు మాత్రం కలిసే రాసేవాళ్లం. నాట్యకళల్ని నేను ఒక పట్టికగా రాసి గోడకంటించా: ఎడమవైపు కళ, కుడివైపు ప్రాంతం. రాత్రి అప్పజెప్పుకోవడం, పొద్దున మర్చిపోవడం. ఓ మాక్‌లో జతపరచుము వచ్చింది. గరగలు, తప్పెటగుళ్లు, ధింసా, గుస్సాడీ. నాలుగూ చదివినవే, నాలుగూ తప్పే.

"ఒరేయ్, మా గోదావరి జిల్లాల్లో అమ్మవారి జాతరకి కుండలాంటిది నెత్తిన పెట్టుకుని ఆడేది గరగేరా. దాన్ని శ్రీకాకుళం పంపించేశావేంటి!" అని వాడు పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుతో గరగ మళ్లీ మర్చిపోలేదు.

అప్పట్నుంచి పట్టిక చించేసి, ఏ కళ వచ్చినా మూడే అడుగుతున్నా: ఎవరు ఆడతారు, ఎప్పుడు ఆడతారు, ఒంటిమీద ఏముంటుంది? రొమ్మున గుండ్రటి వాయిద్యం కట్టుకుని చిందేసేది ఉత్తరాంధ్ర యాదవులు, అవి తప్పెటగుళ్లు. ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని అరకు ఆడవాళ్లు ఆడేది ధింసా. అయిపోయింది.

గుస్సాడీ దగ్గర మాత్రం నేను వారం ఆగా. ఆదిలాబాద్ రాజ్‌గోండులు దీపావళి రోజుల్లో దండారీ అనే నాట్య బృందంతో ఊరూరా తిరుగుతూ, నెమలి ఈకల టోపీ పెట్టుకుని ఆడతారు. ఈ నాట్యానికే మర్లవాయి ఊరి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 1940లో కుమ్రం భీమ్ జోడేఘాట్‌లో చనిపోయాక నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి చూడమని పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఉన్నదీ ఆ మర్లవాయిలోనే. ఒక్క ఊరు పట్టుకుంటే సంస్కృతి, గిరిజనోద్యమం, అవార్డులు మూడూ వచ్చేశాయి.

కాకతీయుల నాటి వీరనాట్యం పేరిణి కూడా అంతే, తీగ లాగితే డొంకంతా కదులుతుంది. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళపతి, జాయప సేనాని 1253-54లో నృత్తరత్నావళి రాశాడు. అది సంస్కృతం, తెలుగని పెట్టి మార్కు పోగొట్టుకోకండి. 1213 నాటి రామప్ప గుడి శిల్పాలు, ఆ గ్రంథం చూసుకుంటూ నటరాజ రామకృష్ణ పేరిణికి మళ్లీ ప్రాణం పోశారు. అదే గుడికి 2021లో యునెస్కో గుర్తింపు.

కూచిపూడి అనగానే అందరం సిద్ధేంద్రయోగి, భామాకలాపం దగ్గరే ఆగిపోతాం. మాచుపల్లి కైఫీయతు, అంటే ఆ ఊరి పాత చరిత్ర రాత, కూడా ఓసారి చూడండి. సిద్ధవటం పాలకుడు సమ్మెట గురవరాజు దాష్టీకాన్ని కూచిపూడి భాగవతులు విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట ఆడి చూపించారట. ఫిర్యాదు కాగితం బదులు నాటకం!

తోలుబొమ్మలాట ఒక్కటే నాకింకా సరిగ్గా ఎక్కలేదు. ఆ బొమ్మలకు పేరున్న, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట వైపు వాళ్లెవరైనా రూము వెతుక్కుంటుంటే చెప్పండి, మా దగ్గర ఒక మంచం ఖాళీ.