లియూలందరూ ఒక ఇంటివాళ్లు కారు

చైనాలో ఉద్యోగానికి వచ్చిన తెలుగువాళ్లకు ఇక్కడి పేర్ల వరస కొత్తగా అనిపించదు. మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు కనబడితే "మీదే ఊరు, మీరూ వాళ్లూ ఏమవుతారు?" అని అడగడం మనకు అలవాటు. ఇక్కడ వాంగ్, లీ, జాంగ్, లియూ, చెన్ అనే ఐదు ఇంటిపేర్లవాళ్లే జనాభాలో సుమారు 30 శాతం. టీములో ముగ్గురు లియూలుంటే ఆ ముగ్గురికీ చుట్టరికం ఉందనుకోవడానికి ఆధారమేమీ లేదు.

చరిత్ర చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. క్రీ.పూ. 202లో హాన్ రాజ్యాన్ని నిలబెట్టిన లియూ బాంగ్ తన ఇంటిపేరును బహుమతిగా పంచాడు. బద్ధశత్రువు షియాంగ్ యూకి స్వయానా పినతండ్రి అయిన షియాంగ్ బో కష్టకాలంలో సాయపడినందుకు లియూ అయ్యాడు. రాజధాని లోయాంగ్‌లో కాదు, పడమట కొండదారుల వెనకున్న ప్రాంతంలో ఉండాలని సలహా ఇచ్చిన లౌ జింగ్ అనే సామాన్యుడు లియూ జింగ్ అయ్యాడు.

ఈ లియూ జింగ్‌ను గుర్తుపెట్టుకోండి. క్రీ.పూ. 200లో ఉత్తరాది గుర్రపు రౌతులైన షియోంగ్‌నూలు ఇప్పటి దాతోంగ్ దగ్గర లియూ బాంగ్‌ను ఏడు రోజులు చుట్టుముట్టారు. యుద్ధానికి పోవద్దని ముందే హెచ్చరించినందుకు జింగ్ అప్పటికి సంకెళ్లలో ఉన్నాడు. రాజు బయటపడి వచ్చి అతణ్ని విడిపించాడు. అప్పుడు జింగ్ చెప్పిన ఉపాయం వియ్యం: రాకుమారిని షియోంగ్‌నూ నాయకుడికిచ్చి పెళ్లి చేస్తే, పుట్టే మనవడు తాతమీదికి కత్తి ఎత్తడు. రాణి లూ ఏడ్చి పట్టుబట్టడంతో సొంత కూతుర్ని పంపలేదు. మరో అమ్మాయిని రాకుమారి అని చెప్పి పంపారు.

ఐదు వందల ఏళ్లు గడిచాక ఆ వియ్యమే ఒక రాజ్యానికి పునాది అయింది. షియోంగ్‌నూ నాయకుడు లియూ యువాన్ తన పూర్వీకులు హాన్ రాజులకు అల్లుళ్లు కాబట్టి లియూ ఇంటిపేరు తనదేనన్నాడు. క్రీ.శ. 304లో హాన్ రాజునని ప్రకటించుకున్నాడు. అతని కొడుకు కాలంలో, 311లో, వాళ్ల సేనలు లోయాంగ్‌ను పట్టుకున్నాయి. బహుమతిగా లియూ అయినవాడి సలహా వల్ల, పెళ్లి సాకుతో లియూ అయినవాళ్లు పుట్టారన్నమాట. చైనా చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన మలుపు ఇదే.

పని మీద చెంగ్డూ వెళ్లేవాళ్లు వూహోవ్ గుడి చూడకుండా రారు. అక్కడ 221లో షూ హాన్ రాజ్యానికి చక్రవర్తి అయిన లియూ బే సమాధి ఉంది. గుమ్మం మీది ఫలకంలో మాత్రం లియూ బే పేరు వెతికితే దొరకదు, "హాన్ జావోలియె" అన్న మరణానంతర బిరుదు ఉంటుంది. లియూ బే తాను హాన్ రాజవంశానికి చెందిన లియూ షెంగ్ సంతతి అని చెప్పుకున్నాడు. ఆ షెంగ్‌కు కొడుకులూ వాళ్ల శాఖలవాళ్లూ కలిపి 120 మందికి పైగా అని చరిత్రకారుడు సీమా చియాన్ రాశాడు. అలాంటి మూలపురుషుడి పేరు చెప్పుకుంటే కాదని నిరూపించడం ఎవరి తరం? లియూ షెంగ్ మాత్రం కల్పితుడు కాడు. 1968లో హెబే రాష్ట్రం మాన్‌చెంగ్‌లో అతని సమాధి బయటపడింది. 2,498 పచ్చరాతి పలకలను బంగారు తీగతో కుట్టి శవానికి వేసిన తొడుగు అందులో దొరికింది. గుడిలో ఇంకో సంగతి గమనించండి: రాజ్యాన్ని శత్రువుకు అప్పగించిన లియూ బే కొడుకు లియూ షాన్ విగ్రహం అక్కడ లేదు. అతనికి గౌరవ బిరుదిచ్చి పూజించింది పెళ్లి సాకుతో లియూ అయిన షియోంగ్‌నూ లియూ యువానే.

ఇక ఆఫీసు సంగతి. ఇంటిపేరు ఒక్కటే పెట్టి పిలవకూడదు. ఇంజనీరైతే లియూ గోంగ్, జనరల్ మేనేజరైతే లియూ జోంగ్, మీకన్నా చిన్నవాడైతే షియావ్ లియూ, చనువున్న పెద్దవాడైతే లావ్ లియూ. పై అధికారిని షియావ్ అన్నారో, అవమానమే. ముగ్గురు లియూలున్నచోట పూర్తి పేరు వాడితే తప్పులేదు. సొంత పేరొక్కటే పిలవడం దగ్గరివాళ్లకే చెల్లుతుంది.

కొత్తవాళ్లను "నిన్ గ్వే షింగ్?" అని అడగండి, ఇంటిపేరు అడిగే మర్యాద ఇది. జవాబుగా "వెన్ దావ్ లియూ" (వెన్, దావ్ అనే రెండు అక్షరాలు కలిస్తే వచ్చే లియూ) అంటే మామూలు లియూ. "విల్లో చెట్టు లియూ" అన్నట్టు చెబితే అది వేరే అక్షరం, వేరే ఇంటిపేరు. ఇంగ్లీషు లిపిలో రెండూ ఒకటే. తాంగ్ కాలపు కవులు, ప్రాణస్నేహితులు లియూ యూషీ, లియూ జోంగ్‌యువాన్ సరిగ్గా ఇలాంటివాళ్లే: మొదటివాడిది మామూలు లియూ, రెండోవాడిది చెట్టు లియూ. 793లో ఒకేసారి పరీక్ష నెగ్గారు. 815లో యూషీని మారుమూలకు వేస్తే, అతని ముసలితల్లి కోసం తన చోటు ఇచ్చి అక్కడికి తాను పోతానన్నాడు జోంగ్‌యువాన్. అందుకే ఫోనులో నంబరు దాచేటప్పుడు చైనా అక్షరాలతోనే దాచి, పక్కన డిపార్ట్‌మెంట్ రాయండి. ఇంగ్లీషులో వెతికితే అందరూ కలిసి వస్తారు.

టికెట్లు, వీసా ఆహ్వానపత్రాలు చేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. రాణి లూ ఇంటిపేరును చైనా పాస్‌పోర్టులో ఎల్-వై-యూ అని రాస్తారు, లియూని ఎల్-ఐ-యూ అని. చెవికి వినబడినట్టు టైపు చేస్తే విమానాశ్రయంలో టికెట్టు, పాస్‌పోర్టు కలవవు. హాంకాంగ్ సహోద్యోగి అయితే అదే లియూ "లావ్" అవుతుంది, సింగపూరులో "లో" కూడా అవుతుంది. పాస్‌పోర్టు ఫోటో తెప్పించుకుని అక్షరం అక్షరం చూసి ఎక్కించండి.